పదకొండు రోజుల తేడా

మా అమ్మ వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది. జనవరిలో కిరాణా కొట్టతను ఊరికే ఇచ్చిందే. ఒక్కో గడిలో పెద్ద అంకెతో ఇంగ్లిషు తేదీ. దాని కింద చీమల బారులా తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. కొన్ని గళ్ళలో నెలవంక బొమ్మ, కొన్నింట్లో శిలువ. వాటన్నిటి మీదా అమ్మ బాల్‌పెన్ రాతలు: ‘పాలు 2’, ‘గ్యాస్ వచ్చింది’, ‘పనామె రాలే’, ‘చిట్టీ కట్టాలె’. ఒక అమావాస్య గడి చుట్టూ గట్టిగా సున్నా చుట్టి ఉంది. ఆ రోజు నేను ఊరి నుంచి బయల్దేరకూడదని దానర్థం.

నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. అయినా ఆ సున్నా చూశాక బస్సు టికెట్ మర్నాటికి మార్చుకున్నాను. అమ్మతో వాదన ఎందుకులే అనుకున్నాను. తమాషా ఏమిటంటే మర్నాటి బస్సు కిక్కిరిసిపోయింది. అమావాస్యను దాటేసి బయల్దేరినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. అందులో నాలాంటివాళ్ళు ఎందరో తెలియదు.

మతం మనిషిని ఎలా మలుస్తుందన్న చర్చ సాధారణంగా నమ్మకం దగ్గర మొదలవుతుంది. దేవుడున్నాడా, పాపపుణ్యాలున్నాయా, చచ్చాక ఏమవుతాం? నాకైతే ఆ గడి దగ్గరే మొదలుపెట్టాలనిపిస్తుంది. నమ్మకం ఎవరి మనసులో ఎంతుందో పక్కవాడికి తెలియదు, ఒక్కోసారి మనకే తెలియదు. తేదీ అలా కాదు, ఊరందరికీ ఒకటే. పెళ్ళి ఏ నెలలో పెట్టుకోవాలి, మాంసం ఎప్పుడు మానాలి, మంగలి షాపు ఏ రోజు మూసి ఉంటుంది, జీతగాడికి సెలవు ఎప్పుడు? వీటిలో చాలా తేదీలు ఏదో ఒక మతం ఎప్పుడో వేసిపెట్టినవే. నమ్మినవాడూ నమ్మనివాడూ వాటి మధ్యనే మసలుకోవాలి.

చిక్కంతా ఆ పదకొండు రోజులతోనే

చంద్రుడు ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకు రావడానికి సగటున 29.53 రోజులు పడుతుంది. పన్నెండు నెలలు కలిపితే 354 రోజుల చిల్లర. ఎండలు, వానలు, పంటలు మాత్రం సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. ఆ ఏడాదికి 365 రోజుల పావు. రెండిటి మధ్య దాదాపు పదకొండు రోజులు తేడా. నెలను చంద్రుడితో, ఏడాదిని సూర్యుడితో కొలుద్దామనుకున్న ప్రతి సమాజానికీ ఈ పదకొండు రోజులు గొంతులో ముల్లయ్యాయి. ఆ ముల్లును ఒక్కో మతం ఒక్కో తీరుగా తీసుకుంది. మన వీధిలో ఏ పండుగ ఎప్పుడొస్తుందో, ఏది కదలకుండా ఉంటుందో, ఏది ఏటా జరుగుతూ పోతుందో అక్కడే తేలిపోయింది.

హిందూ పంచాంగం ఆ రోజుల్ని పోగేసి పెట్టుకుంటుంది. మూడేళ్ళకు ముప్పై మూడు రోజులవుతాయి కదా, సుమారు 32, 33 నెలలకోసారి ఒక నెలను అదనంగా ఇరికిస్తుంది. అదే అధికమాసం. ఏ నెలను ఇరికించాలన్న దానికి నియమం సూటిగా ఉంది. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి మారడం సంక్రమణం. ఒక అమావాస్యకూ తర్వాతి అమావాస్యకూ మధ్య సంక్రమణమే లేకపోతే ఆ నెల అధికం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు. మే 17 నుంచి జూన్ 15 దాకా ఉన్నది అధికం, ఆ తర్వాతది నిజం.

వినడానికి లెక్కే గానీ, ఇంట్లోకి వచ్చేసరికి గొడవవుతుంది. తెలంగాణలో పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య. పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. మర్నాటి నుంచి నవరాత్రులు. రెండూ ఒకదాని వెనక ఒకటి రావడం అందరికీ అలవాటు. 2020లో అధిక ఆశ్వయుజం మధ్యలో దూరింది. పెత్రమాస సెప్టెంబర్ 17న వచ్చింది, దసరా అక్టోబర్ 25న. బియ్యం ఇచ్చిన రోజే పూలు పేర్చాలా, నెల ఆగాలా? తంగేడు, గునుగు అప్పటికే పూసి ఉన్నాయి, వాటికి అధికమాసంతో పని లేదు. మా వాడకట్టులో ఒకామె పెత్రమాస నాడే చిన్న బతుకమ్మను పేర్చి, నెల తర్వాత మళ్ళీ పేర్చింది. ‘ఎందుకైనా మంచిది’ అంది. మన దగ్గర మతాచారాల్లో సగం ఆ మాట మీదే నడుస్తున్నాయని నా అనుమానం.

ఇస్లాం ఇరికించడం వద్దంది. నెలలు పన్నెండేనని, వాటిని వెనక్కీ ముందుకీ జరపడం తప్పని ఖురాన్‌లోని తౌబా సూరా చెబుతుంది. దాంతో హిజ్రీ ఏడాది 354 లేదా 355 రోజులతోనే సాగుతుంది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకొస్తూ సుమారు 33 ఏళ్ళలో రుతువులన్నీ చుట్టేస్తుంది. 2017లో మే చివర, జూన్‌లలో వచ్చింది. హైదరాబాద్‌లో ఆ ఎండలకు పద్నాలుగు గంటల పైచిలుకు మంచినీళ్ళు ముట్టకుండా ఉండటం ఒక రకం ఉపవాసం, డిసెంబర్ చలిలో పన్నెండున్నర గంటలు ఉండటం ఇంకో రకం. 2030లో అయితే ఒకే ఇంగ్లిషు ఏడాదిలో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర ఇంకోసారి. ఏ దేశంలో ఉన్నవాడికైనా కష్టం, సుఖం జీవితకాలంలో వంతులవారీగా అందుతాయి. అరేబియాలో ఎండాకాలానికి పాతేసి ఉంచితే ఇంకో మూలనున్నవాడికి ఎప్పుడూ చలికాలమే దక్కేది.

ఈ తిరుగుడును ముస్లింలు కాని తెలుగువాళ్ళు కూడా ఒంటితో ఎరుగుదురు, పీర్ల పండుగ వల్ల. మొహర్రం పదో రోజు కర్బలాలో 680లో జరిగిన ఇమాం హుసేన్ వధను తలుచుకునే రోజు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవాళ్ళలో హిందువులు బోలెడంతమంది. అనంతపురం వైపు గూగూడులో కుళ్ళాయిస్వామి ఉత్సవానికి వచ్చే జనాన్ని చూసి ఎవరిది ఏ మతమో చెప్పడం అసాధ్యం. మా ఊళ్ళో నా చిన్నప్పుడు పీర్లు నాట్లప్పుడు లేచేవి, బురద కాళ్ళతో వచ్చి గుండం చుట్టూ ఆడేవాళ్ళు. కొన్నేళ్ళకు అవే పీర్లు మండుటెండల్లో లేచాయి. రజబ్, షాబాన్ అన్న హిజ్రీ నెలల పేర్లే వినని రైతు కూడా పీర్ల పండుగ ఏటా ఎంత ముందుకు జరుగుతుందో నోటిలెక్క చెప్పేవాడు.

క్రైస్తవం రాజీపడింది. ఏడాదంతా సూర్యుడికి ఇచ్చేసి, ఒక్క ఈస్టర్‌కు మాత్రం చంద్రుణ్ణి ఉంచుకుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అందుకే క్రిస్మస్ కదలదు, గుడ్ ఫ్రైడే కదులుతుంది, దాన్ని బట్టి భస్మ బుధవారం, మట్టల ఆదివారం కూడా కదులుతాయి. మనం ‘మామూలు క్యాలెండర్’ అనుకునేది కూడా ఈ ఈస్టర్ కోసం దిద్దిందే. పాత జూలియన్ లెక్క శతాబ్దాల తరబడి కొద్దికొద్దిగా జారి ఈస్టర్ రుతువు తప్పుతోందని పదమూడో పోప్ గ్రెగరీ 1582లో పది రోజులు కోసేశాడు. అక్టోబర్ 4 రాత్రి పడుకున్నవాళ్ళు 15న లేచారు. ప్రొటెస్టెంట్ బ్రిటన్ పోప్ మాట వినేదేంటని 170 ఏళ్ళు మొండికేసి, 1752లో దారికొచ్చింది. అప్పటికి కోయాల్సినవి పదకొండు రోజులయ్యాయి. ఆ పదకొండుకూ మన పదకొండుకూ సంబంధం లేదు, అంకె కలిసిందంతే. ఆఫీసు డైరీలో, ఆధార్ కార్డులో, జీతం స్లిప్పులో మతం లేదనుకుంటాం గానీ అందులో ఉన్నది ఒక పోప్ పేరున్న క్యాలెండరే.

ఈ లెక్కలన్నిటినీ పక్కన పెట్టి తన పని తాను చూసుకున్నవాడు ఒకడున్నాడు. పన్ను వసూలు చేసేవాడు. హిజ్రీ ప్రకారం శిస్తు అడిగితే కొన్నేళ్ళకు పంట ఇంటికి రాకముందే అడగాల్సి వస్తుంది. అందుకే మొగలుల కాలంలో ఫసలీ పుట్టింది. ఫసల్ అంటే పంట. హిజ్రీ అంకె దగ్గరే మొదలై, నడక మాత్రం సూర్యుడిది. నిజాం కాలపు కాగితాల్లో కనిపించే ఆజుర్, దై, బహ్మన్ నెలలు దానివే. ఇప్పటికీ రెవెన్యూ వాళ్ళకు జులై 1 నుంచి జూన్ 30 దాకా ఒక ఫసలీ. 2025 జులైలో మొదలైంది 1435 ఫసలీ. తన మతం క్యాలెండర్‌ను గౌరవిస్తూనే, ఖజానా దగ్గరికి వచ్చేసరికి ముస్లిం పాలకుడు సూర్యుడి వైపు జరిగాడు. తెలుగు రైతూ అదే చేశాడు. దేవుడికి తిథి, పొలానికి కార్తె. కార్తెలు పూర్తిగా సూర్యుడి లెక్క, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. అందుకే రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం, మృగశిరకు చినుకు పడటం ఏటా అటూ ఇటూగా అవే తేదీల్లో ఉంటాయి. అధికమాసం వచ్చిందని ఎవరూ విత్తనాలు ఆపుకోరు.

పండుగ ఇవాళా, రేపా

రోజు ఎక్కడ మొదలవుతుంది? తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది. ఆఫీసు లెక్కలో అర్ధరాత్రి. పంచాంగంలో సూర్యోదయం. ఇస్లాంలో సూర్యాస్తమయం, అందుకే నెలవంక కనిపించిన సాయంత్రమే రంజాన్ నెల మొదలై ఆ రాత్రే తరావీ నమాజు చదువుతారు. ఒకే మంగళవారం రాత్రి పది గంటలు ఒకరికి మంగళవారం, ఇంకొకరికి అప్పటికే బుధవారం.

తిథి వీటిలో దేనికీ లొంగదు. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం ఒకే తీరుగా ఉండదు కాబట్టి తిథి ఒక్కోసారి ఇరవై గంటల లోపే అయిపోతుంది, ఒక్కోసారి ఇరవై ఆరు గంటల దాకా సాగుతుంది. పొద్దున పదింటికి మొదలవచ్చు, అర్ధరాత్రి ముగియవచ్చు. మరి చవితి నాటి పండుగ ఏ రోజు చేయాలి? దానికి పండుగకో నియమం. ఉగాదికి సూర్యోదయాన పాడ్యమి ఉండాలి. శ్రీరామనవమికి, వినాయక చవితికి మధ్యాహ్నం చూస్తారు. దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి. ఆ వేళ రెండు రోజులకూ పాకినప్పుడు వచ్చేదే తగులు మిగులు.

2023 వినాయక చవితి ఇందుకు మంచి ఉదాహరణ. చవితి సెప్టెంబర్ 18 మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మొదలై, 19 మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక ముగిసింది. పగటిని ఐదు భాగాలు చేస్తే మూడోది మధ్యాహ్నం, ఆ రోజుల్లో సుమారు పదకొండు నుంచి ఒకటిన్నర దాకా. అంటే మొదటి రోజు ఆ వేళ తోక భాగానికి చవితి తగిలింది, రెండో రోజు మొత్తం నిండింది. పండితులు రెండుగా చీలారు, సెలవు ఎప్పుడో తెలియక బడిపిల్లలు టీవీల ముందు కూర్చున్నారు. పత్రి అమ్మేవాళ్ళకు రెండు రోజుల బేరం. దీనికి తోడు పంచాంగాలు లెక్కగట్టే పద్ధతులే రెండు. ఆకాశంలో గ్రహం ఇప్పుడు ఎక్కడుందో చూసి దిద్దుకునే దృగ్గణితం ఒకటి, సూర్యసిద్ధాంతం పాత సూత్రాలను అలాగే వాడే పూర్వగణితం ఇంకొకటి. ఇద్దరి ఘడియలూ కలవవు.

ఈ చిక్కు తీర్చాలని ప్రభుత్వమూ ప్రయత్నించింది. భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో క్యాలెండర్ సంస్కరణ కమిటీ వేశారు. దాని సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి జాతీయ శక క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. గెజిట్ మీద ఇప్పటికీ ఆ తేదీ ఉంటుంది. దాని ప్రకారం పెళ్ళి పెట్టుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. పండుగలు రుతువుల నుంచి జారిపోయాయన్న సాహా లెక్క తప్పు కాదు. మకర సంక్రాంతికీ నిజమైన ఉత్తరాయణానికీ మధ్య మూడు వారాలకు పైగా ఎడం ఉన్న మాట నిజమే. ఉత్తరాయణం డిసెంబర్ 21, 22లలోనే మొదలైపోతుంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజు వచ్చేవి. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల 72 ఏళ్ళకో రోజు చొప్పున జరుగుతూ వచ్చింది. కానీ సంక్రాంతిని డిసెంబర్‌కు తెమ్మని ఎవరితోనైనా అనండి చూద్దాం. కొత్త బియ్యం ఇంటికొచ్చేది జనవరికి, అల్లుళ్ళకు బస్సులు బుక్కయ్యేది జనవరికి.

అదే 2023లో ఇంకో విశేషం జరిగింది. సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు పడ్డాయి. ఒకటి ఇరికించే క్యాలెండర్, ఇంకొకటి జారే క్యాలెండర్, అప్పుడప్పుడూ ఇలా ఎదురుపడక తప్పదు. రెండింటికీ ఊరేగింపులున్నాయి, రెండింటికీ పాతబస్తీ దారే. ముస్లిం సంఘాలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నాయి. మరుసటి ఏడాది కూడా నిమజ్జనం సెప్టెంబర్ 17న, మిలాద్ దాని ముందు రోజున రావడంతో ఊరేగింపు 19కి జరిపారు. మత సామరస్యం మీద ఉపన్యాసాలు చాలా విన్నాను. ఈ తేదీ మార్పు వాటికన్నా నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది.

లగ్గాలు లేని నెలలు

మా బంధువొకాయనకు ఫంక్షన్ హాల్ ఉంది. ఆయన డైరీ చూస్తే మతం ఆర్థికశాస్త్రం అర్థమవుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం పేజీలు కొట్టివేతలతో, అడ్వాన్సుల అంకెలతో నల్లగా ఉంటాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం తెల్లగా. ఇవి శూన్యమాసాలు, లగ్గాలుండవు. ఇవి చాలవన్నట్టు మూఢం. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనిపించకుండా పోతే మౌఢ్యమి. శుభకార్యానికి సాక్షిగా ఉండాల్సినవాడు కనిపించడం లేదని భావం. శుక్రుడు సూర్యుడికి ఇవతల, మన వైపున ఉంటే కొద్ది రోజుల్లోనే బయటికొస్తాడు. అవతలి వైపున ఉంటే రెండు నెలలు దాటినా కనిపించడు. 2025 నవంబర్ చివర మొదలైన శుక్రమౌఢ్యమి 2026 ఫిబ్రవరి దాకా సాగింది ఇందుకే.

ఆ రెండున్నర నెలలు పురోహితుడు, బ్యాండువాళ్ళు, టెంటుహౌస్, వంట మేస్త్రీలు, పూలమ్మేవాళ్ళు, మెహందీ పెట్టే అమ్మాయిలు ఎలా గడుపుతారు? మా బంధువు హాల్లో వంట చేసే మేస్త్రీ మూఢంలో ఇడ్లీ బండి పెట్టుకుంటాడు. ఆయన క్రైస్తవుడు. ఆయన తిండిని ఆపేది శుక్రుడు ఎటు తిరిగాడన్నదే.

ఇక ఆషాఢం. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాలి, అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. దీనికి కారణాలు రకరకాలుగా చెబుతారు. ఆషాఢంలో కడుపు పండితే ఎండాకాలంలో కాన్పు వస్తుందని కొందరు, పొలం పనులప్పుడు మగాడు అత్తారింట్లో కూర్చుంటే ఎలాగని కొందరు. నా లెక్కలో ఇవన్నీ తర్వాత అతికించిన కారణాలే కావచ్చు, ఆచారం తనంతట తాను కారణం చెప్పదు. శుభకార్యాల్లేక బట్టల షాపులు వెలవెలబోయే ఈ నెలనే వ్యాపారులు ఆషాఢం సేల్‌గా మార్చేశారు. ఒకప్పుడు కొత్త బట్ట కొనొద్దన్న నెలలో ఇప్పుడు బట్టలు తక్కువకు దొరుకుతాయని జనం ఎగబడతారు. పెళ్ళికి పనికిరాని ఇదే ఆషాఢం అమ్మవారికి మాత్రం ఇష్టమైన నెల. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజా దాకా ఆదివారం తర్వాత ఆదివారం బోనాలు ఎత్తేది అప్పుడే. శుభం, అశుభం అన్నవి నెలకు అంటుకుని లేవు, ఎవరు ఏ పనికి అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటాయి.

ముహూర్తం పెళ్ళితో ఆగలేదు, పుట్టుకలోకి కూడా వచ్చింది. సిజేరియన్‌కు ఘడియ చూసి డాక్టరుకు చెప్పే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్తేం కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లని తేలింది. అందుకు ముహూర్తాలే కారణమనడం అన్యాయం, ఆసుపత్రుల వ్యాపారం, నొప్పుల భయం పెద్ద కారణాలు. కానీ ఎలాగూ కోస్తున్నప్పుడు మంచి ఘడియలో కోయొచ్చు కదా అన్న ఆలోచన ఆ దారిని ఇంకాస్త సులువు చేసింది. పాతకాలంలో పిల్లాడు పుట్టాక జాతకం రాసేవాళ్ళు. ఇప్పుడు జాతకం రాసుకున్నాక పిల్లాడు పుడుతున్నాడు.

తేదీకి తగ్గట్టు ఒంటిని సర్దుకునేది మాత్రం ఎప్పుడూ ఆడవాళ్ళే. వరలక్ష్మీ వ్రతం, పెళ్ళి, తిరుపతి దర్శనం, ఏది దగ్గరపడినా మందుల షాపులో నెలసరి వాయిదా వేసే బిళ్ళలు అమ్ముడవుతాయి. ముహూర్తం పెట్టిన మగవాళ్ళు ఆ అమ్మాయి తేదీ అడిగి పెట్టరు, అడగడమే తప్పనుకుంటారు. పంచాంగానికి ఉన్న నెలకూ ఆమె ఒంటికి ఉన్న నెలకూ కుదరకపోతే మార్చుకోవాల్సింది ఆమె. ఈ విషయంలో నాకు పంచాంగం మీద కన్నా మన మీద ఎక్కువ కోపం.

వారానికో దేవుడు

నెల కన్నా లోతుగా దిగింది వారం. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. ముస్లింలకు శుక్రవారం జుమ్మా, క్రైస్తవులకు ఆదివారం ఆరాధన. మంగళవారం క్షవరం చేయించుకోవద్దన్నారు, మంగలి షాపులు ఆ రోజే సెలవు పెట్టుకున్నాయి. ఇప్పుడు ఎంత నాస్తికుడైనా మంగళవారం గడ్డం ఇంట్లో గీసుకోవాల్సిందే.

అనాదిగా ఉందనుకునే ఈ వారం నిజానికి మనకు బయటి నుంచి వచ్చింది. వేదాల్లో తిథులున్నాయి, నక్షత్రాలున్నాయి, ఆది, సోమ, మంగళ అన్న వరస లేదు. ఏడు గ్రహాల పేర్లతో వారం లెక్క క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో గ్రీకు, రోమను జ్యోతిషంతో పాటు మన వైపు వచ్చింది. మన శాసనాల్లో తొలి వారం పేరు మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో, 484 నాటి బుధగుప్తుడి శాసనంలో కనిపిస్తుంది. అది గురువారం. పరాయిది అయినా దాన్ని ఎంతగా మనది చేసుకున్నామంటే, దాని మీద వ్రతాలు కట్టాం, కథలు కట్టాం, కూర కూడా కట్టాం. ఆదివారం పొద్దున్నే మటన్ షాపు ముందు వరస చూస్తే ఆ రోజు ఎవరి దేవుడిదో గుర్తే రాదు.

ఆదివారం సెలవు మనకు తెల్లవాళ్ళతో వచ్చింది, చర్చి కోసం. కానీ బొంబాయి మిల్లు కూలీలకు అది ఉత్తినే రాలేదు. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడి 1890లో సాధించాడు. ఆయన వాదనల్లో ఒకటి, ఆదివారం మా ఖండోబా దేవుడి రోజు కూడా అని. దొరల దేవుడి సెలవును కూలీల దేవుడి పేరుతో అడిగి తీసుకున్నాడు.

నమ్మకం ముందా, అలవాటు ముందా అంటే నా ఓటు అలవాటుకే. పిల్లవాడికి దశరథుడెవరో తెలియకముందే వడపప్పు, పానకం రుచి తెలుస్తుంది. కార్తీకం వస్తే ఇంట్లో కోడికూర బంద్ అని తెలుస్తుంది, కారణం తర్వాతెప్పుడో అడుగుతాడు. పక్కింటి దోస్తు రంజాన్‌కు తెచ్చిన షీర్ ఖుర్మా తిన్నాకే రోజా అంటే ఏమిటో అడుగుతాడు. రుచి, ఆకలి, ఎదురుచూపు అన్నీ తేదీకి అంటుకుపోయాక నమ్మకం వచ్చి వాటి మీద కూర్చుంటుంది. ఎదిగాక నమ్మకం పోయినా రుచి పోదు. మతాన్ని వదిలేశామనుకునే మాలాంటివాళ్ళం వదిలింది పైదాన్నే. అమావాస్య మర్నాటి బస్సులో సీటు దొరకలేదంటే మరి ఊరికే కాదు.

నాన్న పోయిన రోజు

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది. అక్కడ ఉగాది, బతుకమ్మ ఎప్పుడూ శనివారమే వస్తాయి, హాలు ఖాళీగా ఉండాలి, పార్కింగ్ దొరకాలి. అయితే నాన్న సంవత్సరీకం మాత్రం తిథి ప్రకారమే చేస్తుంది. తిథి ప్రపంచమంతా ఒకే క్షణంలో మారుతుంది, గడియారాలు మారవు. ఇక్కడ పొద్దున ఆరింటికి ముగిసే తిథి ఆమెకు ముందు రోజు రాత్రే అయిపోతుంది. అందుకని ఆమె తేదీ మాకన్నా ఒక రోజు ముందు పడుతుంటుంది. అమ్మకు ఇది రుచించదు. ‘నాన్న రెండుసార్లు పోయిండా’ అని అడిగింది ఒకసారి.

నాన్న పోయింది తెల్లవారుజామున నాలుగింటికి. ఆసుపత్రి కాగితంలో, మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో బుధవారం తేదీ ఉంది, అర్ధరాత్రి దాటింది కదా. అమ్మ లెక్కలో ఇంకా పొద్దు పొడవలేదు కాబట్టి అది మంగళవారమే. వంటింటి క్యాలెండర్‌లో ఆమె సున్నా చుట్టింది మంగళవారం గడికే. బ్యాంకు పనికి, భూమి పేరు మార్పుకు ఆ సర్టిఫికెట్ తీసిన ప్రతిసారీ కళ్ళజోడు పెట్టుకుని చూస్తుంది. ‘తారీఖు తప్పు పడ్డది, దిద్దించమంటే దిద్దించవు’ అంటుంది.